ఎర్ర టేపు, పచ్చ టేపు

ఆ ఎండాకాలమంతా మా హాల్లో కిటికీ పక్క మేకుకి మందు సంచి వేలాడుతూ ఉండేది. దాని కింద పడక్కుర్చీలో మా ఆయన, ఎదురుగా నేల మీద కాళ్ళు చాపుకుని వాళ్ళక్క. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపు వదిన ఆ రోజు ఇంట్లో జరిగినవన్నీ వరసపెట్టి చెప్పేసేది. మా ఆయన మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఆయన వంతు మాటలు కూడా చిన్నప్పుడే వాళ్ళక్క వాడేసుకుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆయన బస్సు డ్రైవరు. ఒంట్లో రక్తం తయారుచేసే మూలుగ చెడిపోతే, చలికాలం చివర్లో వదిన తన మూలుగ ఇచ్చింది. ఆ రోజు నుంచే ఆవిడ పెత్తనం మొదలైంది. "నా మూలుగ ఊరికే పోదురా, దాంతో పాటు నా నోరు కూడా వస్తుంది చూడు" అని తమ్ముణ్ణి ఏడిపించేది. ఆయన నవ్వి తలుపు వైపు చూసేవాడు. తలుపు వెనక ఉతికి ఇస్త్రీ చేయించిన యూనిఫారం తగిలించి ఉండేది. వానాకాలం వచ్చేసరికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తే మళ్ళీ బండి ఇస్తామని డిపోవాళ్ళు మాటిచ్చారు. ఆ మాట పట్టుకునే ఆయన రోజులు నెట్టుకొస్తున్నాడు.

డిపోలో ఆయన్ని బ్రేకుల బాబాయి అంటారు. దూరంగా సిగ్నలు కనిపిస్తే చాలు, ఏ దీపం వెలుగుతున్నా సరే, బండి నెమ్మది చేస్తాడని ఆ పేరు. ఎంత జాగ్రత్త మనిషో అని నేను మురిసిపోయేదాన్ని.

ఇక మందు ఎక్కించడానికి ఆస్పత్రిలో ఆయనకి పెట్టిన గొట్టం సంగతి. కుడి వైపు మెడ కింది కాలర్ ఎముక దగ్గర చర్మంలోంచి బయటికి వచ్చి, రెండు కొసలుగా చీలి, ఛాతీ మీద వేలాడుతుండేది. లోపల రెండు దారులూ కలవకుండా గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వెళ్తాయి. బయట రెండు కొసలూ ఒకటే పొడవు, ఒకటే తెలుపు, రెంటికీ ఒకే రకం మూతలు. తేడా తెలియడానికి ఆస్పత్రిలో ఒకదానికి ఎర్ర టేపు, రెండోదానికి ఆకుపచ్చ టేపు చుట్టి పంపారు. ఎర్రది రక్తం తీయడానికి, పచ్చది మందు ఎక్కించడానికి. గొట్టాల వ్యవహారమంతా చూసే పెద్ద నర్సుని ఆస్పత్రిలో అందరూ లైన్ సిస్టర్ అంటారు. ఆవిడ ఇంటికి పంపే ముందు మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఈ మాట ఆయన నోట చెప్పించింది. ఆయన అప్పజెప్పాడు. మందు కలిపి చూపించమంటే చూపించాడు, సంచి తగిలించమంటే తగిలించాడు. ఒక్క తప్పు రాలేదు.

ఆ మందు మామూలుది కాదు. ఒకరి మూలుగ ఇంకొకరి ఒంట్లో కుదురుకునే దాకా, అది ఆ ఒంటిని పరాయిదనుకుని తిరగబడే ప్రమాదం ఉంటుంది. తిరగబడకుండా పట్టి ఉంచేది ఆ సంచిలోని మందే. ఎక్కువైతే కిడ్నీలు పోతాయి, తక్కువైతే మనిషే పోతాడు. మాత్రలు ఆయన కడుపులో నిలవడం లేదు కాబట్టి పొద్దునా సాయంత్రం గొట్టంలోంచే ఎక్కించాలి. రక్తంలో అది ఎంతుందో వారం వారం చూసి డాక్టరు మోతాదు చెప్పేవాడు. నేను ఇంట్లో ఉంటే నేను పెట్టేదాన్ని, డ్యూటీలో ఉంటే ఆయనే పెట్టుకునేవాడు. రక్తం మాత్రం ఎప్పుడూ నేనే తీసేదాన్ని.

నేనూ నర్సునే. కిడ్నీ వార్డులో నా జీతమంతా ఇలాంటి గొట్టాల మీదే వస్తుంది. రక్తం తీయడంలో నా చేతికి పేరుందని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. చేతులు కడుక్కోవాలి, గ్లౌజులు వేసుకోవాలి, గొట్టం మూతని స్పిరిట్ దూదితో గట్టిగా తోమాలి. తోమాక అది ఆరేదాకా ఆగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఊది ఆరబెట్టేవాళ్ళనీ, తువ్వాలుతో తుడిచేవాళ్ళనీ చూశాను. ఊపిరిలో ఉన్న క్రిములు తిన్నగా గుండెకి వెళ్తాయని వాళ్ళకి తట్టదు. ఆరాక మొదటి సిరంజి రక్తం తీసి పారేయాలి, రెండోది శాంపిలుకి. ఆ తర్వాత సెలైన్ తోసి ఆపి, తోసి ఆపి, గొట్టం కడగాలి. సిరంజి తీసే ముందు గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు బిగించాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది.

ఇంట్లో మొదటిసారి తీసినప్పుడు వదిన పక్కనే కూర్చుని సినిమా చూసినట్టు చూసింది. నేను మొదటి సిరంజిని డబ్బాలో వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేంటమ్మా, పారేస్తున్నావు?"

అందులో గొట్టంలో మిగిలిన సెలైన్ కలిసి ఉంటుందనీ, లెక్క తప్పుగా వస్తుందనీ చెప్పాను.

"అది ఎవరి రక్తం?"

"ఇప్పుడైతే మీదే, వదినా."

"మరి నన్నొక మాట అడక్కుండా పారేస్తావేం?"

మా ఆయన నవ్వాపుకోలేక కదిలాడు. కదలొద్దని నేను కసిరాను. ఆ తర్వాత ప్రతిసారీ మొదటి సిరంజి తీయగానే వదిన వైపు చూసి "పారేయమంటారా?" అని అడిగేదాన్ని. ఆవిడ కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి "సరే కానీ" అనేది. ఆ ఇంట్లో ఆ వేసవికి అంతకు మించిన సరదా లేదు.

ఎండలు ముదిరాక చెమటకి గొట్టం మీది పట్టీ ఊడి వచ్చేది. వారానికోసారి మార్చాల్సింది రోజు విడిచి రోజు మార్చాల్సి వచ్చేది. మార్చినప్పుడల్లా చర్మం ఎక్కడ ఒరుసుకుపోకుండా ఉంటే కొసల్ని అటు చుట్టి అతికించేదాన్ని. ఒకసారి పచ్చది భుజం వైపుకి వచ్చేది, ఒకసారి ఎర్రది.

మొదట రక్తంలో మందు సరిపోయినంతే వచ్చింది. తర్వాత ఒక వారం బాగా ఎక్కువ వచ్చింది. డాక్టరు మోతాదు తగ్గించాడు. మళ్ళీ తీస్తే ఇంకా ఎక్కువ. మళ్ళీ తగ్గించాడు. ఇంతలో మా ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి. దురద అన్నాడు. చెవుల వెనక, మెడ మీద దద్దుర్లు లేచాయి. విరేచనాలు మొదలయ్యాయి. మూలుగ తిరగబడుతోందని నాకు చూడగానే అర్థమైంది. వదిన మాత్రం తన మూలుగ అలాంటి పని చేస్తుందంటే ఒప్పుకోలేదు. చిన్నప్పుడు వీణ్ణి కొట్టింది నిజమే గానీ చంపేంత కక్ష లేదంది. అని, లోపలికి వెళ్ళి పంపు తిప్పి మొహం కడుక్కుంది. నాకు చాలా భయమేసింది. ఆ భయం బయటపెట్టకుండా గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

డాక్టరుకీ అంతు పట్టలేదు. మందు అంత ఎక్కువున్నప్పుడు మూలుగ తిరగబడకూడదు. లైన్ సిస్టర్ కాగితాలు తిరగేసి, అంత మందు నిజంగా ఒంట్లో ఉంటే కిడ్నీలు ఇంత బాగుండవంది. నన్ను పక్కకి పిలిచి, రక్తం తీసేది ఒకసారి తన ముందు తీసి చూపించమంది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సర్వీసులో నా చేతికి ఎవరూ పరీక్ష పెట్టలేదు. అయినా తీశాను. తోమడం, ఆరబెట్టడం, పారేయడం, కడగడం, అన్నీ. వదిన అలవాటు కొద్దీ "సరే కానీ" అంది. లైన్ సిస్టర్ చివరిదాకా చేతులు కట్టుకుని చూసింది.

"నీ చేతిలో తప్పేం లేదు. గొట్టంలోనే ఉంది" అంది.

అప్పుడే ఆయన మోచేతి మడత దగ్గర సూది గుచ్చి ఇంకో శాంపిలు తీసింది. రెండూ పంపింది. మధ్యాహ్నానికి ఫలితాలొచ్చాయి. ఎర్ర టేపు గొట్టంలోంచి తీసిన రక్తంలో మందు పొంగిపొర్లుతోంది. చేతిలోంచి తీసిన రక్తంలో ఉండీ లేనట్టుంది.

ఆ మందుకొక గుణం ఉంది. వెళ్ళిన గొట్టం లోపలి గోడకి అంటుకుపోతుంది. ఎంత సెలైన్ తోసినా, ఎంత రక్తం పారేసినా వదలదు. అందుకే మందు గొట్టంలోంచి ఎప్పుడూ శాంపిలు తీయకూడదు, శాంపిలు గొట్టంలోకి ఎప్పుడూ మందు పంపకూడదు. అంటే ఎవరో ఎర్ర గొట్టంలోకి మందు ఎక్కించారు. ఒకసారి కాదు, చాలాసార్లు.

డాక్టరు ఆ పూటే మోతాదు పెంచాడు. గొట్టాలు ఎందుకు మారాయో మర్నాడు వచ్చి చెప్పమన్నాడు. కారణం తేలకపోతే ఇంటి దగ్గర మందు మాన్పించి వార్డులో చేర్చుకుంటామని, ఈ పరిస్థితిలో వార్డులో ఏ జబ్బు అంటుకున్నా కష్టమని, అదీ చెప్పాడు.

ఇంటికొచ్చాం. సాయంత్రం మందు వేళకి నేను నా అనుమానం బయటపెట్టకుండా, మీరే పెట్టుకోండి, నాకు నడుం నొప్పిగా ఉందని గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆయన చేతులు కడుక్కున్నాడు. నేను నేర్పినట్టే మూత తోమాడు, ఆరేదాకా ఆగాడు. నాకంటే ఓపిగ్గా ఆగాడు. కానీ తోమడానికి ముందు రెండు కొసల్నీ చేతిలోకి తీసుకుని చూసిన పద్ధతి నాకు కొత్తగా అనిపించింది. టేపుల్ని చూడలేదు. భుజం వైపుది ఏది, గుండె వైపుది ఏది అని తడిమి చూశాడు. భుజం వైపుది పట్టుకున్నాడు. ఆ పొద్దున నేను పట్టీ మార్చినప్పుడు భుజం వైపుకి చుట్టింది ఎర్రదాన్ని.

"అది ఎర్రది" అన్నాను.

"చూసుకోలేదు" అని చప్పున రెండోది పట్టుకున్నాడు.

అంత జాగ్రత్త మనిషి చూసుకోకపోవడం జరగని పని. వదిన వైపు తిరిగాను. ఆవిడ నా వైపు చూడకుండా కొంగు అంచు మడతపెడుతోంది. ఆ మనిషి నోరు మూతపడగా నేను చూడటం అదే మొదలు.

మందు పచ్చ గొట్టంలోకి ఎక్కడం మొదలయ్యాక వదినే చెప్పింది. చిన్నప్పుడు బళ్ళో వీడు చెట్టు బొమ్మకి ఆకులన్నీ ఎర్రగా రంగేస్తే మాస్టారు వెక్కిరించాడట. అప్పటి నుంచి రంగు పెన్సిళ్ళ మీద అక్కే గీతలు గీసి గుర్తులు పెట్టి ఇచ్చేదట. ఎరుపూ ఆకుపచ్చా వీడికి ఒక్కలాగే కనిపిస్తాయి, ఇంట్లో అందరికీ తెలుసు అంది. అందరిలో నేను లేనని అప్పుడే గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా పెళ్ళయి పన్నెండేళ్ళు. నాకు కోపం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ముందు బస్సు దగ్గర మొదలుపెట్టాను.

"అంతమందిని ఎక్కించుకుని ఎలా తిప్పారు ఇన్నాళ్ళూ?"

పై దీపం వెలిగితే ఆగాలి, కింది దీపం వెలిగితే పోవాలి, అంతే కదా అన్నాడు. అనుమానమొస్తే పక్క బండిని చూస్తాడట. అందుకే ముందే నెమ్మది చేస్తాడట. ఉద్యోగంలో చేరేటప్పుడు కళ్ళ పరీక్షకి, చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మల పుస్తకం ఒకటి ఉంటే, ఏ పేజీలో ఏ అంకో స్నేహితుడి చేత చెప్పించుకుని బట్టీపట్టాడట. బండికి ఒక్క గీత పడలేదు కావాలంటే డిపోలో అడుగు అన్నాడు. ఇన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"గొట్టాలకి పైనా కిందా లేదుగా" అన్నాను.

"భుజం వైపుది పచ్చ అని గుర్తుపెట్టుకున్నాను. సిస్టర్ నేర్పిన రోజు అలాగే ఉంది."

"నన్నొక్కసారి అడిగితే ఏం పోయేది?"

ఆయన సంచిలోంచి పడుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నాడు. నేను వదల్లేదు. మీ అక్కకి తెలిసింది నాకెందుకు తెలియకూడదని అడిగాను. నాకు నిజంగా బాధేసింది. బస్సు కంటే, గొట్టం కంటే అదే ఎక్కువ బాధేసింది.

"నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజు వేసుకున్న బట్టలు చూసి ఆ రంగు నీకు బాగా నప్పింది అన్నాను" అన్నాడు. "ఏ రంగో నాకు తెలియదు. నువ్వు చాలా సంతోషపడ్డావు. ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా అది అబద్ధమని తేలిపోతుంది కదా."

కాసేపటికి ఆయనే, రేపు అక్కడ చెప్పకు అన్నాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ ఆస్పత్రే. చెప్పామంటే తలుపు వెనక యూనిఫారం తీసి మడతపెట్టుకోవాల్సిందే.

రాత్రి వంటయ్యేలోపు నేనొక నిర్ణయానికి వచ్చాను. రంగుల తేడా తెలియని వాడికి బస్సు ఇవ్వమని నేను అడగను, ఆ సంగతి ఆయన ఒళ్ళు కుదుటపడ్డాక ఇంట్లో తేల్చుకుంటాం. ఇప్పటికి తప్పు నాదే అని చెప్తే సరిపోతుంది. పట్టీ మార్చేటప్పుడు టేపులు ఊడితే మళ్ళీ చుట్టడంలో తారుమారు చేశానంటాను. నా చేతి పేరు పోతుంది. వార్డులో నలుగురూ నాలుగు నెలలు చెప్పుకుంటారు. మనిషి ఇంట్లో ఉంటాడు, అది చాలు.

మర్నాడు డాక్టరు గదిలో మేం ముగ్గురం ఒక బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాం. లైన్ సిస్టర్ అల్మారాకి ఆనుకుని నిలబడింది. డాక్టరు నన్ను అడిగాడు, ఏమైంది అని.

"పట్టీ మార్చేటప్పుడు టేపులు ఊడొచ్చాయండీ. మళ్ళీ చుట్టేటప్పుడు నేనే..."

"ఆవిడ తప్పు లేదు డాక్టరుగారూ" అన్నాడు మా ఆయన. "నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదు. చిన్నప్పటి నుంచీ అంతే. సిస్టర్‌తో ఆ రోజే చెప్పాల్సింది."

డాక్టరు కాగితం మీద ఏదో వెతికాడు. "మీరు డ్రైవరు కదా?"

"అవునండీ. మొన్నటిదాకా."

ఆ మాట టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. లైన్ సిస్టర్ వచ్చి, ఆయన చొక్కా గుండీలు విప్పి, పచ్చ టేపు ఊడదీసింది. దాని స్థానంలో ముతక గుడ్డ పట్టీ నాలుగు చుట్లు చుట్టింది. ఆయన వేళ్ళు పట్టుకుని దాని మీద పెట్టింది.

"ఇది మందుకి. చూడక్కర్లేదు, తడిమితే తెలుస్తుంది."

బయట వరండాలో నేను ఏడ్చాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసి, నా మూలుగ ఊరికే పోదు, నోరు కూడా వస్తుందని చెప్పానా లేదా అంది.

రెండు గొట్టాలకీ మందు అంటుకుపోయింది కాబట్టి ఇక శాంపిలు చేతిలోంచే తీయాలి. సూది బాధ ఉండకూడదనే పెట్టిన గొట్టం ఛాతీ మీద ఉండగానే వారం వారం ఆయన చేతికి సూది గుచ్చేదాన్ని. అన్ని సిగ్నళ్ళు దాటిన మనిషికి సూదంటే ప్రాణం పోతుంది. సూది వైపు చూడలేక నా వైపు చూసేవాడు. ఒకసారి అలా చూస్తూ, ఇది ఏ రంగు అని అడిగాడు. నేను వేసుకున్న డ్రెస్ గురించి. నీలం అన్నాను. బాగుంది అన్నాడు. పై వారం మళ్ళీ అడిగాడు. పసుపు అన్నాను. నీలమే బాగుంది అన్నాడు. ఆ రెండు రంగులూ ఆయనకి బాగానే తెలుసని నాకు తర్వాత తెలిసింది. సూది దిగే వేళకి ఏదో ఒక మాట కావాలి కాబట్టి అడిగాడు.

మోతాదు సరిపడ్డాక ముందు విరేచనాలు కట్టాయి. తర్వాత దద్దుర్లు మానాయి. అరచేతుల చర్మం పొరలుగా లేచి కొత్తది వచ్చింది. మొదటి వాన పడ్డ వారంలో లైన్ సిస్టర్ గొట్టం లాగేసి, అక్కడ దూది పెట్టి, కాసేపు వేలితో నొక్కి పట్టుకోమంది. దూది మీద కొంచెం రక్తం అంటింది. పారేయమంటారా అని వదినని అడిగాను. ఆవిడ తల ఊపింది.

డిపోవాళ్ళు ఆయనకి బండి ఇవ్వలేదు. బస్సులు ఎప్పుడు బయల్దేరాలో మైకులో చెప్పే గదిలో కూర్చోబెట్టారు. రోజంతా మాట్లాడే పని. అది విని వదిన నవ్వీ నవ్వీ నీళ్ళు తాగింది. ఆ సాయంత్రం ఆయన యూనిఫారం తీసి, చాలా నీటుగా మడతపెట్టి, అల్మారాలో అడుగున పెట్టాడు. తలుపు వెనక మేకు మాత్రం ఇప్పటికీ ఉంది.

వదిన వాళ్ళింటికి వెళ్ళిపోయిన మర్నాడు నేను డ్యూటీకి తయారై వచ్చి, ఆయన ముందు నిలబడి, ఎలా ఉందని అడిగాను. ఆకుపచ్చ డ్రెస్ అది. అడగడానికి ముందే, ఎర్రది, కొత్తగా కొన్నానని చెప్పాను, ఊరికే, ఏడిపించడానికి.

ఆయన దగ్గరికి వచ్చి నా భుజం మీద వేళ్ళు పెట్టి చూశాడు. కిందటేడు అక్కడ కుట్టు ఊడితే, నా ఆకుపచ్చది ఊడిపోయిందని ఆయనకి చూపించి నేనే మళ్ళీ కుట్టుకున్నాను.

"ఇది ఆకుపచ్చది" అన్నాడు. కాసేపు చూసి, "బాగుంది" అన్నాడు.